పైన పటారం, వెనక సీట్లో మనం

పోయిన దసరాకి మా అబ్బాయి కారు కొన్నాడు. మామూలు కారు కాదు, వాడి భాషలో స్పోర్ట్స్ కారు. ఎర్ర రంగు. నేలకి ఆనిందా అన్నంత కిందకి ఉంటుంది. వెనక రెండు పొగగొట్టాలు, డిక్కీ మీద తోకలాంటి రెక్క. నాలాంటి మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఎక్కాలంటే ముందు సీట్లో కూలబడి, తర్వాత కాళ్ళు ఒక్కొక్కటీ లోపలికి లాక్కోవాలి. "సున్నా నుంచి వందకి ఏడు సెకన్లే అమ్మా!" అన్నాడు. "అంత తొందర దేనికి నాన్నా?" అన్నాను. నవ్వేశాడు.

వాడు హైదరాబాద్‌లో ఉద్యోగం, మేము విజయవాడలో. కారు వచ్చే ముందువారం ఇంటికొచ్చి, డైనింగ్ టేబుల్ మీద ఓ కాగితం పరిచి, వాళ్ళ నాన్నగారితో కలిసి ఏమేం కొనాలో లెక్కలేశాడు. పప్పు పోపు పెడుతూ నేనూ ఓ చెవి అటు వేశాను. ఆ కాగితం ఇప్పటికీ నా వంటింటి డబ్బాలో ఉంది. చదువుతాను వినండి.

ఒళ్ళంతా పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్: 1,30,000. దాని మీద సెరామిక్ కోటింగ్: 20,000. లెదర్ సీటు కవర్లు: 14,000. కెమెరా: 12,000. వెనక రెక్క: 10,000. సెవెన్ డీ మ్యాట్లు, అంటే కాళ్ళ కింద పట్టాలు: 9,000. లోపల రంగురంగుల లైట్లు: 8,000. మొత్తం రెండు లక్షల మూడు వేలు.

అప్పుడే మా అమ్మాయి ఫోన్ చేసింది. దాని కొడుక్కి అప్పటికి ఏడాదిన్నర. పండక్కి వస్తున్నారు. "అమ్మా, తమ్ముడి కారులో తిరుగుతాం కదా, చంటిపిల్లల సీటు ఒకటి పెట్టించమను. పదిహేను వేలు అవుతుంది. మా కారులోది విప్పి తేవడం కుదరదు" అంది. నేను ఆ మాటే టేబుల్ దగ్గర చెప్పాను.

మావారు కళ్ళజోడు పైకి తోసుకుని, "పదిహేను వేలా! నాలుగు రోజుల కోసమా? నువ్వున్నావుగా, ఒళ్ళో కూర్చోబెట్టుకుంటావు" అన్నారు. మావాడు, "అయినా ఆ సీటు పెడితే లెదర్ మీద గుంటలు పడతాయమ్మా" అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? ఏమీ అనలేదు. "అవును, నేనున్నాగా" అనుకుని లోపలికెళ్ళి పోపు మాడకుండా చూసుకున్నాను. ఈ రోజు ఇదంతా రాయడం ఆ మౌనానికి ప్రాయశ్చిత్తం అనుకోండి.

కారు వచ్చింది. అమ్మవారి గుడి దగ్గర పూజ చేయించాం, దిష్టి తీశాం, నిమ్మకాయలు తొక్కించాం. అవన్నీ నాకిష్టమే, వాటితో నాకు తగవు లేదు. పండగ అయ్యాక అందరం కలిసి హైదరాబాద్ బయలుదేరాం. ముందు మావాడు, మావారు. వెనక నేను, అమ్మాయి, నా ఒళ్ళో బుజ్జిగాడు. అమ్మాయి బెల్టు లాక్కుంది, పెట్టుకుందామని బకిల్ కోసం వెతికింది. లేదు. కొత్త సీటు కవర్లు వేసిన షాపువాళ్ళు వెనక సీటు బకిళ్ళన్నీ కవరు కిందకి తోసేసి, పైన నున్నగా సాపు చేసి కుట్టేశారు. చూడ్డానికి బాగుంటుందని. "తర్వాత తీయిద్దాంలే అక్కా" అన్నాడు మావాడు. సరే అంది అది. సరే అన్నాను నేను.

సూర్యాపేట దాటాక, డివైడర్ మధ్య సందులోంచి ఓ బైకు అడ్డంగా వచ్చింది. మావాడు బ్రేకు తొక్కాడు. తప్పు వాడిది కాదు, మంచి బ్రేకే వేశాడు, బైకతను బతికిపోయాడు. కానీ నా ఒళ్ళో ఉన్న పిల్లాడు నా చేతుల్లోంచి ఎలా జారాడో నాకు ఈ రోజుకీ తెలియదు. రెండు చేతులతో పట్టుకునే ఉన్నాను. కళ్ళు మూసి తెరిచేలోగా వాడు ముందు సీటు వీపుకి కొట్టుకుని కింద పడ్డాడు. పెదవి చిట్లింది. ఆ పద్నాలుగు వేల లెదర్ మీద ఇంత రక్తం. నా నుదురు మావారి సీటుకి తగిలి బొప్పి కట్టింది.

దేవుడి దయ, అంతటితో పోయింది. పక్కన ఆపి, దిగి, పిల్లాణ్ణి ఎత్తుకుని ఊరడిస్తుంటే, మావారు కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి అన్నమాట: "పోన్లే, కారుకేం కాలేదు."

ఆయన చెడ్డమనిషి కాదు. మనవడంటే ప్రాణం. కంగారులో నోటికొచ్చిన మాట అది. కానీ నాకు ఆ క్షణాన ఆ కాగితం మొత్తం కళ్ళ ముందు తిరిగింది. నిజమే, కారుకేం కాలేదు. దాన్ని కాపాడ్డానికి రెండు లక్షలు పెట్టాం మరి. పిల్లాడికి పెట్టింది నా ఒడి ఒక్కటే.

ఇక అసలు విషయానికొస్తాను. నేను వాదించేది ఇది. మన ఇళ్ళలో కారుకి "రక్షణ" అంటే పెయింటుకి రక్షణ. ఆ కాగితంలో మనుషుల పేరు మీద ఒక్క వరుస ఉండదు. ముఖ్యంగా వెనక సీట్లో కూర్చునే మనుషులకి. వెనక కూర్చునేది ఎవరు? ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. నూటికి తొంభై ఇళ్ళలో ఇంతే, మీ ఇల్లు కాకపోతే సంతోషం. మన ప్రాణానికి ఎవరూ ధర కట్టలేదని కాదు. మనకి రక్షణ కావాలన్న ఊహే ఎవరికీ తట్టదు, మనకి కూడా.

ముందు ఈ ఒడి సంగతి తేల్చేద్దాం. అమ్మ ఒడి అంత భద్రమైన చోటు లేదని పాటల్లో, సినిమాల్లో విని విని మనం నిజంగానే నమ్మేశాం. ఇంట్లో నిజమే. కదిలే కారులో కాదు. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు దేనికైనా గుద్దుకుంటే సుమారు సెకనులో పదోవంతులో ఆగిపోతుంది. ఆ లిప్తలో పది కిలోల పిల్లాణ్ణి పట్టుకుని ఆపాలంటే చేతులకి దాదాపు 140 కిలోల బరువు మోసేంత బలం కావాలి. పాతిక కిలోల బియ్యం బస్తాలు అయిదుకి పైనే. ఒక్క బస్తా ఆటోలోంచి దింపడానికి పక్కింటి కుర్రాణ్ణి పిలుస్తాను నేను! 50 వేగంతో గుద్దుకోవడమంటే మూడో అంతస్తు మీదనుంచి కింద పడ్డంతటి దెబ్బ. మూడో అంతస్తు బాల్కనీ గోడ మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టి, "అమ్మ పట్టుకుందిలే" అని ఎవరైనా అంటారా?

ఇంకో ఘోరం కూడా ఉంది. బెల్టు లేకుండా నేను కూర్చుంటే, గుద్దుకున్నప్పుడు నేనూ ముందుకి ఎగురుతాను. నా అరవై అయిదు కిలోల ఒళ్ళంతా, నాకూ ముందు సీటుకీ మధ్య ఉన్న ఆ పిల్లాడి మీదే పడుతుంది. ఒడి వాణ్ణి కాపాడదు సరికదా, వాడి మీద పడే బరువవుతుంది. ఈ మాట రాయడానికే నాకు చేయి వణుకుతోంది. కానీ రాయాలి. బెల్టు పెట్టుకోని వెనకవాళ్ళు ముందు కూర్చున్నవాళ్ళ సీటు మీద కూడా అంత బలంతోనూ పడతారు. అంటే వెనక సీటు బెల్టు నాకోసమే కాదు, నడిపే నా కొడుకు కోసం కూడా.

"వెనక కూర్చుంటే ఏమవుతుంది, ముందు సీటు అడ్డముంటుందిగా" అంటారు. 2022 సెప్టెంబరు 4న ముంబై-అహ్మదాబాద్ రోడ్డు మీద పాల్ఘర్ దగ్గర టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ పోయారు గుర్తుందా? అది చిన్నా చితకా కారు కాదు. అందులో నలుగురున్నారు. ముందు కూర్చున్న ఇద్దరూ గాయాలతో బతికారు. వెనక కూర్చున్న ఇద్దరూ చనిపోయారు. వెనకవాళ్ళు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. అదే ఏడాది లెక్కలు కేంద్ర రవాణా శాఖ వేసింది. బెల్టు పెట్టుకోకుండా దేశంలో చనిపోయినవాళ్ళు 16,715 మంది. వాళ్ళలో నడిపేవాళ్ళు 8,384, పక్కనా వెనకా కూర్చున్నవాళ్ళు 8,331. చూశారా, ఇంచుమించు సగానికి సగం. మరి బెల్టు పెట్టుకోమని మనం ఎప్పుడూ ఒక్క డ్రైవరుకే ఎందుకు చెబుతాం?

ఇప్పుడు ఆ కాగితంలోని సరుకులు ఒక్కొక్కటే చూద్దాం. అంతా దండగ అనను, అది అబద్ధం అవుతుంది.

పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్ అంటే పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పొర. ముందు కారు టైరు ఎగరేసే చిన్న రాళ్ళ దెబ్బలు ఆపుతుంది, సన్నగీతలు ఎండ వేడికి వాటంతటవే పోతాయి. హైవే మీద తిరిగే కారుకి బంపరు, బానెట్, అద్దాల వెనక భాగం వరకూ వేయించుకుంటే అర్థముంది, రాళ్ళు తగిలేది అక్కడే. పైకప్పుకి ఎందుకు? పైకప్పు మీద రాళ్ళవాన కురుస్తుందా? సెరామిక్ కోటింగ్ అయితే అసలు రాయిని ఆపదు. నీళ్ళు, మురికి జారిపోయేలా చేస్తుంది, కడగడం తేలిక అవుతుంది, మెరుపు నిలుస్తుంది. అంతే. అయినా కంపెనీ నుంచి వచ్చేటప్పుడే రంగు మీద ఓ గట్టి పారదర్శకపు పొర వేసే పంపుతారు. వాచ్‌మన్ ఒకే మురికిగుడ్డతో అపార్టుమెంటు కార్లన్నీ తుడవకుండా చూసుకుంటే సగం గీతలు పడవు. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు, బకెట్లు రెండు చాలు. ఒకటి సబ్బునీళ్ళకి, ఒకటి గుడ్డ జాడించడానికి.

సీటు కవర్లు. ఇదే నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది. వెనక బకిళ్ళు మింగేసేది ఇదే. పిల్లల సీటు తగిలించడానికి వెనక సీటు వీపుకీ కూర్చునే భాగానికీ మధ్య సందులో ఇనుప కొక్కేలుంటాయి, ఐసోఫిక్స్ అంటారు, వాటినీ ఇదే మూసేస్తుంది. ముందు సీట్ల పక్కన కుట్టు దగ్గర "ఎయిర్‌బ్యాగ్" అని చిన్న ట్యాగ్ ఉంటే, పక్కనుంచి గుద్దుకున్నప్పుడు బ్యాగు అక్కడినుంచే పేలి బయటికి రావాలి. దాని మీద గట్టి కవరు బిగిస్తే అది ఎటు రావాలి? కవరు వేయించుకోవాలంటే ఎయిర్‌బ్యాగుకి దారి వదిలి కుట్టినదే వేయించుకోవాలి. షాపువాడు "అందరూ ఇవే వేయించుకుంటున్నారు మేడమ్" అంటే వినకండి.

కాళ్ళ కింద మ్యాట్లు. పాత మ్యాటు మీదే కొత్త మ్యాటు వేస్తే, అది జరిగి యాక్సిలరేటర్ కింద ఇరుక్కుంటే కారు ఆగదు. కట్టుకథ కాదు, 2009లో అమెరికాలో ఓ పెద్ద కంపెనీ ఈ మ్యాట్ల కారణంగానే లక్షల కార్లని వెనక్కి పిలిచింది. డ్రైవరు వైపు ఒకే మ్యాటు, కింద కొక్కేలకి బిగించి. అంతే.

ముందు బంపరుకి కట్టే ఇనుప గార్డు మా కాగితంలో లేదు కానీ, మా మరిది కారుకి ఉంది. 2017లోనే కేంద్రం వాటిని తీయించమని రాష్ట్రాలకి రాసింది. గుద్దుకున్నప్పుడు దెబ్బని మింగాల్సింది బంపరు. ఈ ఇనుము అడ్డముంటే ఆ దెబ్బ నేరుగా లోపలికి వస్తుంది, ఎయిర్‌బ్యాగు విచ్చుకోవాల్సిన లెక్క తప్పవచ్చు, రోడ్డు దాటే మనిషికైతే మరీ ప్రమాదం. ఇక అద్దాలకి నల్ల ఫిల్ములు. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలన్నది నిబంధన.

ఇవన్నీ ఒక ఎత్తు, బెల్టు పెట్టుకోమని టింగుటింగుమని అరిచే అలారం నోరు మూయించడానికి బకిల్‌లో దూర్చే ఆ చిన్న క్లిప్పు ఒక ఎత్తు. డబ్బిచ్చి మరీ కొనుక్కుంటున్నారు తల్లీ! 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ కల్పించుకుని, అయిదు ఆన్‌లైన్ అంగళ్ళలో ఇలాంటివి 13 వేలకి పైగా తీయించింది. అన్ని రకాలు అమ్మకానికి ఉన్నాయంటే కొనేవాళ్ళు ఎంతమందో ఆలోచించండి. మీ కారులో ఆ క్లిప్పు ఉంటే ఈ రోజే పీకి చెత్తబుట్టలో పడేయండి. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి.

ఇక నాకు ఎదురయ్యే వాదనలు తెలుసు. మా ఇంట్లో అన్నీ విన్నాను.

"మా చిన్నప్పుడు ఇవన్నీ ఉన్నాయా? స్కూటర్ ముందు నిలబడి వెళ్ళలేదా?" వెళ్ళాం. అప్పుడు స్కూటరు నలభై దాటితే గొప్ప, హైవేలు ఇంత వెడల్పు లేవు. మనం బతికాం కాబట్టి ఈ మాట అంటున్నాం, బతకనివాళ్ళు వచ్చి అనలేరుగా. ఇప్పుడు ఆ బండికి కూడా రూలు వచ్చింది. నాలుగేళ్ళలోపు పిల్లల్ని బైకు మీద తీసుకెళ్తే నడిపేవారికి కట్టే హార్నెస్, పిల్లలకి హెల్మెట్ ఉండాలని, వేగం నలభై మించకూడదని 2022లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. కారుకి అంతకు ముందే ఉంది. 2019 సవరణ చట్టం ప్రకారం పద్నాలుగేళ్ళలోపు పిల్లలకి బెల్టుగానీ పిల్లల సీటుగానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. వెనక కూర్చున్న పెద్దవాళ్ళకి బెల్టు లేకపోయినా వెయ్యే. ఎవరూ ఆపి అడగరు కాబట్టి ఎవరికీ తెలియదు.

"వాడు ఆ సీట్లో ఉండడు, ఏడుస్తాడు." ఏడుస్తాడు. టీకా వేయించినప్పుడు ఏడవలేదా? తలంటి పోసినప్పుడు ఇల్లు ఎగిరిపోయేలా ఏడవలేదా? ఏడుస్తాడని తలంటు మానేశామా?

"అంత ఖరీదెందుకు, ఏడాదికే పొట్టి అయిపోతుంది." చంటిపాప నుంచి నాలుగేళ్ళ వరకూ వచ్చే సీట్లున్నాయి, తర్వాత ఎత్తు పెంచే బూస్టర్ సీటు చాలు. ఏడాదికి వాడకుండా బీరువాలో పడుండే పట్టుచీర ఖరీదు కంటే తక్కువే.

"ఊళ్ళోనే కదా, స్పీడు ఎంతని?" నేను కళ్ళారా చూసింది హైవే మీదే అయినా, అది గుద్దుకోవడం కూడా కాదు, ఒట్టి బ్రేకు. బెంజి సర్కిల్ దగ్గర బ్రేకు వేయరా?

"వాడి సంపాదన, వాడి కారు, వాడి ఇష్టం." ఈ మాట అన్నది నేనే, నాలో నేనే. మనవైపు ఆడవాళ్ళం ఇక్కడే వెనక్కి తగ్గుతాం. కారు వాళ్ళ విషయం, బంగారం మన విషయం అని ఎవరు పంచారో తెలియదు, పంచేశారు. కారు వాడిదే, కాదనను. లోపల కూర్చున్న ప్రాణాలు ఎవరివి? కూరల్లో ఉప్పు తక్కువైతే అడిగే హక్కు వాళ్ళకుంటే, వెనక సీటులో బకిల్ ఏదని అడిగే హక్కు మనకుంది.

మన తప్పూ ఒప్పుకుందాం. పట్టుచీర నలుగుతుందని, జడలో పూలు నలుగుతాయని, "ఇదిగో ఇక్కడికే కదా" అని బెల్టు పక్కకి నెట్టేది మనమే. కడుపుతో ఉన్నవాళ్ళు బెల్టు పెట్టుకోకూడదని కోడళ్ళకి చెప్పేదీ మనమే. అది తప్పు. కడుపుతో ఉన్నప్పుడూ పెట్టుకోవాలి. అడ్డపట్టీ పొట్ట మీదుగా కాదు, పొట్ట కింద తుంటి ఎముకల మీదుగా రావాలి. భుజం పట్టీ రొమ్ముల మధ్యనుంచి, పొట్ట పక్కగా రావాలి. పిల్లాణ్ణి ముందు సీట్లో ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం ఇంకా పెద్ద ప్రమాదం. ఎయిర్‌బ్యాగు పేలితే ముందు తగిలేది వాడికే. చంటిపిల్లల సీటు వెనకే పెట్టాలి, కనీసం పదిహేను నెలలు నిండేవరకూ, వీలైతే ఇంకా ఎక్కువ కాలం, పిల్లాడి ముఖం కారు వెనకవైపుకి ఉండేలా. ఎందుకంటే వాళ్ళ మెడ ఇంకా లేతది, తల బరువు. దెబ్బ తగిలినప్పుడు వీపంతా సీటుకి ఆనితే మెడ మీద భారం పడదు.

బీమా గురించి ఒక్క మాట. షోరూములో వాళ్ళిచ్చిన పాలసీయే తీసుకోవాలని లేదు, బయట ఎక్కడైనా తీసుకోవచ్చు. మావాళ్ళు "బంపర్ టు బంపర్" ఉందా అని నాలుగుసార్లు అడిగారు. యజమాని తనే నడిపేటప్పుడు వర్తించే 15 లక్షల సొంత ప్రమాద బీమా కూడా ఉంది. వెనక కూర్చున్నవాళ్ళకి అలాంటి ప్రమాద బీమా కావాలంటే విడిగా అడిగి చేర్పించుకోవాలి, అయ్యేది వందల్లోనే. మా కాగితంలో ఆ వరుస కూడా లేదు. బంపర్ టు బంపర్ అంటే ఆ బంపరు నుంచి ఈ బంపరు దాకా అని అర్థం కదా, మధ్యలో మేమూ ఉన్నామని ఎవరికీ తోచలేదు.

ఆ రోజు హైదరాబాద్ చేరాక మావాడు నాతో ఏమీ మాట్లాడలేదు. రాత్రి పిల్లాడు పడుకున్నాక కిందకి వెళ్ళాడు. గంటైనా రాకపోతే నేనూ వెళ్ళాను. పార్కింగులో, ఫోన్ లైటు నోట కరుచుకుని, వెనక సీటు కవరు బ్లేడుతో కోస్తున్నాడు. బకిళ్ళు మూడూ బయటికి తీశాడు. "అమ్మా, ఇవి కొత్తవమ్మా, ఒక్కసారి కూడా వాడలేదు" అన్నాడు, గొంతు ఎలాగో ఉంది. నేను వాడి వీపు మీద చెయ్యి వేశాను. అంతకంటే ఏం చెప్పను? వాడికి పిల్లాడంటే ప్రేమ లేక కాదు. ఆ షాపులో, ఆ వీడియోల్లో, ఆ స్నేహితుల్లో ఎవరూ వాడికి వెనక సీటు గురించి చెప్పలేదు. చెప్పాల్సిన నేను పోపు పెట్టుకుంటూ ఊరుకున్నాను.

మర్నాడే పిల్లల సీటు వచ్చింది. మొదటి రెండు రోజులూ బుజ్జిగాడు ఆకాశం దద్దరిల్లేలా ఏడ్చాడు. మూడోరోజు కిటికీలోంచి ఆటోలు కనబడుతున్నాయని కనిపెట్టాడు. ఇప్పుడు ఎవరి కారెక్కినా బెల్టు "టక్" మని వినబడేదాకా ఊరుకోడు. మొన్న వాళ్ళ తాతగారు ముందు కూర్చుని మర్చిపోతే, "తాతా, తక్కు!" అని అరిచాడు. మావారు మారుమాట లేకుండా పెట్టుకున్నారు. నేను ముప్ఫై ఏళ్ళుగా ఏ మాట చెప్పినా అంత తొందరగా వినలేదు లెండి!

మీ ఇంట్లో ఈ ఏడాది కొత్త కారు వస్తుంటే, ఆ కాగితం ముందు మీరు కూర్చోండి. మొదటి వరుస మీరు రాయండి: పిల్లల సీటు. రెండోది: వెనక అన్ని బెల్టులూ, బకిళ్ళూ బయటికి ఉండటం. మూడోది: వెనకవాళ్ళకి బీమా. నాలుగోది: మంచి టైర్లు, నెలకి రెండుసార్లు గాలి. కారుతోపాటే ఇచ్చే ఫస్ట్ ఎయిడ్ డబ్బా, ఎర్ర త్రికోణం డిక్కీలో ఏ మూల ఉన్నాయో చూసుకోవడం అయిదోది, దానికి ఖర్చు కూడా లేదు. ఆ తర్వాత డబ్బు మిగిలితే మెరుపులు, రెక్కలు, రంగుల లైట్లు ఎన్నైనా పెట్టుకోమనండి. సరదాలకి నేనేం అడ్డం కాదు. ఆ ఎర్రకారు మెరుస్తుంటే నాకూ గర్వంగానే ఉంటుంది.

కొత్త కారు లేదంటారా? ఉన్న కారులోనే సరే. ఈ ఆదివారం ఎక్కడికైనా బయలుదేరేటప్పుడు, వెనక సీట్లో మీరు కూర్చున్న చోట సందులో చెయ్యి పెట్టి బకిల్ కోసం వెతకండి. దొరక్కపోతే, దొరికేదాకా కారు దిగి నిలబడండి. గుడికైనా, పెళ్ళికైనా పది నిమిషాలు ఆలస్యమైతే ఏమీ కాదు.